కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

"తాగండత్తయ్యా. ఒక్క గుక్క. మీ పెద్దబ్బాయి మీద ఒట్టు."

ఒట్టు పెట్టుకోవడం పాపమని ఆదివారం బడి పిల్లలకు ఏళ్ళ తరబడి చెబుతూ వస్తున్న దేవకుమారి నోటి నుంచే ఆ మాట వచ్చింది. అవసరం అంత పని చేయిస్తుంది.

దీవెనమ్మ నోరు తెరవలేదు. చెంచాలో రాగిజావ చల్లారి మీద పొర కట్టింది. పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి ఆవిడ మూతి కాస్త ఓ పక్కకు తిరిగి ఉంటుంది. మాట ముద్దముద్దగా వస్తుంది. కళ్ళకు మాత్రం ఏ జబ్బూ రాలేదు. ఆ కళ్ళు పెద్దకోడలి భుజం మీదుగా వంటింటి గుమ్మం వైపే చూస్తున్నాయి.

"దుర్గేదీ?" అంది.

నిన్న పొద్దుటి నుంచీ అదే ప్రశ్న.

"పుట్టింటికి వెళ్ళిందని చెప్పాను కదండీ. వచ్చేస్తుంది."

"ఎందుకెళ్ళింది?"

దేవకుమారి చెంచాను గిన్నెలో పెట్టేసింది. చిన్నకోడలు దుర్గాభవాని ఎందుకు వెళ్ళిందో ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. అడుగుతున్న మనిషికీ తెలుసు. తెలిసి అడుగుతోంది కాబట్టే జవాబు చెప్పడం కష్టంగా ఉంది.

తెల్లారి దుప్పటి మార్చేటప్పుడు దేవకుమారి తనకు తెలియకుండానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అత్తగారు అది చూసింది. ఏమీ అనలేదు, మొహం గోడవైపు తిప్పుకుంది. అన్నా బాగుండేది. ఇన్నాళ్ళూ ఆ దుప్పట్లు ఎవరు మార్చారో, ఎవరు ఉతికి పెరట్లో ఆరేశారో దేవకుమారి ఎన్నడూ ఆలోచించలేదు. పొద్దున్నే తీగ మీద ఆరుతూ కనబడేవి, అంతే.

సీమోను సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని లోపలికి వచ్చాడు. ఏలూరులో బడిపంతులు. చర్చి సంఘానికి కార్యదర్శి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. బడికి సెలవు పెట్టిన రోజు ఇస్త్రీ చొక్కా వేశాడంటే ఇంటికి ఎవరో వస్తున్నారన్నమాట.

"అలాగేనండీ. మధ్యాహ్నం వచ్చేయండి. హైవే మీద దెందులూరు దాటగానే ఫోన్ చేస్తే నేనే ఎదురొస్తాను." ఫోన్ జేబులో వేసుకుని భార్య వైపు చూశాడు. మొహం వెలిగిపోతోంది. "తాడేపల్లిగూడెం మహాసభల వాళ్ళు కుమారీ! రేపు సాయంత్రం వేదిక మీద నీ సాక్ష్యం. పేరు కూడా ప్రకటించేశారట. ఇవాళ వీడియో తీసేవాళ్ళు వస్తున్నారు. అమ్మ నడవడం తీసుకుని పెద్ద తెర మీద వేస్తారు."

దేవకుమారి జావ గిన్నె కింద పెట్టింది.

"అత్తయ్య నడవడం ఏవిటండీ?"

"ఆ రోజు నడిచినట్టే."

"ఇవతలికి రండి మీరొకసారి," అంటూ చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకెళ్ళింది. దీవెనమ్మ చెవులు కూడా కళ్ళలాంటివే.

ఆ రోజంటే, ఇంట్లో పెట్టుకున్న ఉపవాస ప్రార్థనల ఆఖరి రోజు. ముందు గదిలో సంఘమంతా చాపల మీద మోకరించి కళ్ళు మూసుకుని ఉండగా, మంచం మీద నుంచి లేవలేని దీవెనమ్మ గుమ్మానికి వేలాడే తెర తోసుకుని నడిచి వచ్చింది. ముందు ఎవరు చూశారో గాని "స్తోత్రం!" అని ఒక్క కేక వేశారు. గది గదంతా ఏడ్చింది. అందరికంటే ముందు కళ్ళు తెరిచిన దేవకుమారి మాత్రం ఇంకోటి కూడా చూసింది. అత్తగారి నడుం చుట్టూ పట్టుకున్న ఓ చెయ్యి, తెర దగ్గరికి రాగానే మెల్లగా వదిలి వెనక్కి పోవడం చూసింది. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. ప్రార్థన జరిగేటప్పుడు బొట్టుతో ముందు గదిలోకి రావద్దని ఆ చెయ్యి గలావిడకు చెప్పింది కూడా తనే.

అది చూసి ఊరుకుందా అంటే, అక్కడితో ఊరుకున్నా కొంత నయమే. మొన్న ఇంటిముందు పందిరి వేసి కృతజ్ఞత కూటం పెట్టారు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కదా, దేవకుమారి మైకు పుచ్చుకుని సాక్ష్యం చెప్పింది. "మా అత్తగారిని ఏ మనిషీ పట్టుకోలేదు. ప్రభువే చెయ్యి పట్టుకుని నడిపించాడు," అంది. వెనక గాడిపొయ్యి దగ్గర అన్నం వారుస్తున్న దుర్గాభవానికి ఆ మాట మైకులో ఎవరికీ వినబడనంత బాగా వినబడింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఆవిడ మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకుని కొల్లేటి లంకలో ఉన్న పుట్టింటికి పోయింది. మొగుడు బాబీ, అంటే సీమోను తమ్ముడు, చేపల లోడుతో లారీ మీద కలకత్తా వెళ్ళి ఉన్నాడు.

"అత్తయ్య ఒంటరిగా నడవలేదండీ," అంది దేవకుమారి గొంతు తగ్గించి. "దుర్గ పట్టుకుని తీసుకొచ్చింది. ఆ సాయంత్రమే మీకు చెప్పాను."

"చెప్పావు. అయితే?"

"అయితే ఏవిటండీ? మైకులో నేనేం చెప్పాను?"

సీమోను నవ్వాడు. పాఠం అర్థంకాని పిల్లల్ని చూసి నవ్వే నవ్వు. "ఆ చేతికి బలం ఇచ్చిందెవరు? దేవుడు కాదూ? మరి నువ్వన్నది అబద్ధం ఎలాగవుతుంది? మనిషి పేరు ఎత్తామంటే మహిమ మనిషికి పోతుంది. రక్షణ విశ్వాసం వల్ల గాని క్రియల వల్ల కాదు. స్త్రీల సమాజంలో నువ్వు చెప్పే మాటే నీకు నేను చెప్పాలా?"

మాటలో తప్పు లేదు. చిన్నప్పటి నుంచీ ఆమె వింటున్నదే, నమ్మినదే. మనిషి చేసిన మంచితో పరలోకం కొనుక్కోలేడని తెలిసిన రోజున ఎంతో తేలికపడిన మనిషి ఆమె. కాని అదే మాట ఇవాళ తన తప్పు మీద దుప్పటి కప్పినట్టు కప్పుతున్నాడు మొగుడు. నిన్నటిదాకా తనూ అదే దుప్పటి కింద పడుకుంది. అది తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"నేను వెళ్ళి దుర్గని తీసుకొస్తాను," అంది.

"తీసుకురా. అమ్మ జావ తాగాలి కదా." అని ఆగి, "వీడియోవాళ్ళు వెళ్ళాక తీసుకురా," అన్నాడు.

దేవకుమారి అతని మొహంలోకి చూసింది. అతను చొక్కా మడత సరిచేసుకుంటున్నాడు.

"అత్తయ్యని లేపకండి ఈలోగా. నేనొచ్చేదాకా మంచం మీంచి దింపకండి. మీకు దణ్ణం పెడతాను."

"సరేలే. వెళ్ళిరా," అన్నాడు సీమోను.

* * *

ఆటో దిగి చెరువు గట్టు మీద నడుస్తుంటే కొల్లేటి గాలి మొహానికి కొట్టింది. రెండు వైపులా చేపల చెరువులు. ఏరేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి. దేవకుమారికి ఆ ఇల్లు గుర్తుపట్టడం కష్టమైంది. మరిది పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ ఇంటికి ఆమె రావడం ఇదే మొదలు. పిలవక కాదు. వాళ్ళు ప్రతి పండక్కీ పిలిచేవాళ్ళు.

దుర్గాభవాని వాకిట్లో చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. తోడికోడల్ని చూసి చప్పున లేచి నిలబడింది. కోపంతో మొహం తిప్పుకుంటుందని, నాలుగు మాటలు అంటుందని, తను తలవంచుకుని పడాలని దేవకుమారి దారంతా సిద్ధపడి వచ్చింది. అలాంటిదేమీ జరగలేదు.

"రండక్కా. ఇంత ఎండలో వచ్చారేవిటండీ? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా. అమ్మా, మంచినీళ్ళు పట్రా. ఇలా కుర్చీలో కూర్చోండి." కొంగుతో కుర్చీ తుడిచింది. "అత్తయ్య తిన్నారా?"

"లేదు."

"ఏవీనా?"

"నిన్నటి నుంచీ ఏవీ లేదు."

దుర్గాభవాని పెదవి కొరుక్కుంది. దేవకుమారి నీళ్ళు తాగలేకపోయింది. గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది, తేలు కుట్టిన దొంగలా.

"నీకు కోపం వచ్చిందని తెలుసు దుర్గా."

"కోపం కాదక్కా. సిగ్గేసింది."

"నీకెందుకు సిగ్గు?"

"మొన్న భోజనానికి మా అమ్మ కూడా వచ్చింది కదండీ. నా పక్కనే కూర్చుని వంకాయలు తరిగింది. మీరు మైకులో అన్నాక నాకేసి చూసి, 'ఏ మనిషీ పట్టుకోలేదంటన్నారు, మరి ఇన్నాళ్ళూ మీ అత్తగారికి చేస్తున్నానని చెప్పేదానివి, ఏం చేశావే అక్కడ?' అనడిగింది. ఏం చెప్పనక్కా? అబద్ధమాడానని అనుకుంటుంది. మీరబద్ధమాడారని నేననలేను కదా."

నీళ్ళిచ్చి వెళ్ళి లోపలి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలోనే మర్యాద ఉంది. దేవకుమారికి అది చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

"నీ పేరు చెప్పాల్సింది," అంది.

"పేరుదేముందండీ. మీరే కదక్కా అన్నారు, చేసిన పనులకి రక్షణ రాదు, నమ్మితే చాలని. ఆ మాట విన్న రోజున నాకెంత హాయిగా ఉందో తెలుసా? మా అమ్మ మొక్కుకుని మొక్కుకుని మోకాళ్ళరగ్గొట్టుకుంది. ఏదో ఒకటి తక్కువ పెట్టానేమోనని ఇప్పటికీ భయమే. ఏవీ తెమ్మనని దేవుడంటే నాకు బాగా నచ్చాడు. నమ్ముతానక్కా, బాప్తిస్మం ఇప్పించండి అనడిగాను. మీకు గుర్తుందా?"

గుర్తుంది. పెరట్లో బట్టలు ఆరేస్తూ అడిగింది.

"అప్పుడు మీరేమన్నారక్కా?"

దేవకుమారి తలెత్తలేదు. "ముందు బొట్టు తియ్యి, పేరు మార్చుకో, తర్వాత చూద్దాం అన్నాను."

"అవి పనులు కావాక్కా?"

తగువు పెట్టుకునే గొంతు కాదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. దేవకుమారి ఎన్ని కూటాల్లో మాట్లాడింది! ఎంతమంది ఆడవాళ్ళకు విశ్వాసం గురించి విడమరిచి చెప్పింది! ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు కాబోలు.

"మా అమ్మ ఎదురుగా బొట్టు తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు," అంది దుర్గాభవాని. "మెల్లగా చూద్దాంలే అనుకున్నాను. ఈలోగా ముందు గదిలోకి రావద్దన్నారు, రాలేదు. తెర అవతల ఉండమన్నారు, ఉన్నాను. అదేవీ నాకు బాధ లేదక్కా. ఒక్కటే..."

ఆగిపోయింది. చాప మీద అప్పటికే తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేసింది.

"చెప్పు."

"అత్తయ్యని నడిపించుకుని తెర దాకా వచ్చాను. ఇక్కడి నుంచి నేను రాకూడదు. వదిలితే పడిపోతారేమో. వెనక్కి తీసుకెళ్దామంటే ఆవిడ ముందుకే లాగుతున్నారు, ప్రార్థన వినబడుతోంది కదా. అప్పుడు యేసుబాబుతో అన్నాను. 'నేను వదిలేస్తున్నాను, నువ్వు పట్టుకో' అన్నాను. అని వదిలాను. మీరందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారక్కా. నేను కళ్ళు తెరుచుకుని చేశాను, ఆవిడ పడిపోతారేమోనని."

దుర్గాభవాని చేతిలో చేపని చాప మీద పెట్టేసింది.

"నా చాకిరీ లెక్కలోకి రాదంటే సరే అనుకున్నాను. కాని ఆ రోజు నడిచింది ప్రార్థన వల్లే అన్నారు కదా మైకులో. నేనూ చేశాను కదక్కా ప్రార్థన. దాన్ని కూడా తీసి పారేశారే అనిపించింది."

ఆ తెర ఇవతల కూర్చుని తను ఏమని ప్రార్థించిందో దేవకుమారి ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోయింది. ఆఖరి రోజు కదా, భోజనాలకు ఎంతమంది ఉంటారో, అన్నం చాలుతుందో లేదో అనుకుంటూ కూర్చుంది. నిజం అదే. ఆ ఇంట్లో ఆ క్షణాన దేవుణ్ణి నమ్మిన మనిషి ఎవరయ్యా అంటే తెర అవతల ఉన్న మనిషే. ఆ మనిషినే అవతల నిలబెట్టింది తను.

"నన్ను క్షమించు దుర్గా."

"నన్నడిగితే ఏముందక్కా," అంది దుర్గాభవాని కళ్ళు తుడుచుకుంటూ. "ఆ మాట చెప్పింది మైకులో కదండీ."

దేవకుమారి ఒళ్ళో ఫోన్ మోగింది. సీమోను.

"కుమారీ, ఎక్కడున్నావు? అమ్మ పడిపోయింది."

"ఎలా? మంచం దింపొద్దన్నాను కదండీ!"

"వాళ్ళు నడవమన్నారు. పక్కన ఎవరూ ఉండకూడదన్నారు, వీడియోలో కనబడతారని. లేపి నిలబెట్టి వదిలాం. ఏలూరు ఆసుపత్రికి తెచ్చేశాం. తొందరగా రా."

దుర్గాభవాని ఇంకేమీ అడగలేదు. కాళ్ళకు చెప్పులు తొడుక్కునేసరికి గట్టు మీద చేపల మేత దింపి తిరిగి వెళ్తున్న వ్యాను కనబడింది. పరుగెత్తి చెయ్యి అడ్డం పెట్టింది.

వ్యానులో దేవకుమారి ప్రార్థన చెయ్యబోయింది. ఎక్కడ నిలబెట్టినా మాట తడుముకోకుండా ప్రార్థించే మనిషికి ఏలూరు వచ్చేదాకా 'ప్రభువా' తర్వాత ఒక్క మాట దొరకలేదు.

* * *

ఆసుపత్రి వరండాలో బల్ల మీద సీమోను కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది. పక్కన పాస్టరు అయ్యగారు నిలబడి ఉన్నారు. వీడియోవాళ్ళ జాడ లేదు. స్ట్రెచర్ మీద దీవెనమ్మ మూలుగుతోంది. చిన్నకోడలు కనబడగానే మంచిగా ఉన్న చెయ్యి ఎత్తింది. దుర్గాభవాని వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ముసలావిడ చిన్నపిల్లలా ఏడవడం మొదలుపెట్టింది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూస్తూ బయటికి వచ్చాడు.

"తుంటి ఎముక విరిగిందండీ. ఆపరేషను చెయ్యాలో వద్దో చూడాలి. ఒక సంగతి చెప్పండి. పడకముందు ఈవిడ ఎలా నడిచేవారు? ఒంటరిగా నడిచేవారా, ఎవరైనా పట్టుకోవాలా?"

సీమోను పాస్టరుగారి వైపు చూశాడు. "ఒంటరిగానే నడిచేదండీ. ప్రభువు కృపవల్ల."

"పక్షవాతం వచ్చిన మనిషి, చేతికర్ర కూడా లేకుండానా?"

"అవునండీ."

డాక్టరుకు నమ్మకం కుదరలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఇంట్లో చూసేది మీరే కదా."

దుర్గాభవాని తల దించుకుంది. ఆవిడ చెప్పదు. బావగారి మాట కాదనదు. చెప్పవలసిన మనిషి తనేనని దేవకుమారికి తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే మొగుడి పరువు, తన పరువు, రేపటి సభ, అన్నీ పోతాయి. చెప్పకపోతే ఈ ముసలావిడకు చెయ్యకూడని వైద్యం చేస్తారు.

"ఒంటరిగా ఒక్క అడుగు కూడా వెయ్యలేదండీ," అంది. "ఇదిగో, ఈ అమ్మాయి నడుం పట్టుకుని నడిపించేది. రోజూ. మా తోడికోడలు. ఆ రోజు ప్రార్థనలో కూడా తెర దాకా ఈ అమ్మాయే తీసుకొచ్చి వదిలింది. నేను చూశాను. చూసి, ఎవరూ పట్టుకోలేదని మైకులో చెప్పాను."

మైకు సంగతి డాక్టరుకు అక్కర్లేదు. "ఈ ముక్క ముందే చెప్పాలి కదమ్మా," అని కాగితం మీద ఏదో కొట్టేసి ఏదో రాశాడు. "రోజూ నడిపించింది మీరైతే లోపలికి రండి. కొన్ని అడగాలి," అని దుర్గాభవానిని స్ట్రెచర్ వెంట తీసుకెళ్ళిపోయాడు.

వరండాలో ముగ్గురు మిగిలారు.

పాస్టరుగారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆయన కోప్పడతారని దేవకుమారి చూస్తోంది. కోప్పడలేదు.

"నేను అడగలేదమ్మా," అన్నారు మెల్లగా. "అడగాల్సింది. నడిచిందనగానే స్తోత్రం అన్నాను. మన రక్షణ ఉచితంగా వచ్చిందే. అందులో మార్పు లేదు. అది వచ్చిన ఇంట్లో ఎవరు ఎవరిని పట్టుకుని నడిపిస్తున్నారో చూడాల్సిన పని నాది. నేను చూడలేదు. ఆ అమ్మాయి బాప్తిస్మం అడిగిందా?"

"అడిగిందండీ. నేనే మీదాకా రానివ్వలేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత సీమోను వైపు తిరిగారు. సీమోను లేచి నిలబడ్డాడు.

"కార్యదర్శిగారూ, మీరు చెప్పండి. తెర వెనక ఆ అమ్మాయి పట్టుకుందన్న సంగతి మీకు తెలుసా?"

దేవకుమారి మొగుడి వైపు చూసింది. ఆ సాయంత్రమే చెప్పింది. పొద్దున వసారాలో నిలబడి మళ్ళీ చెప్పింది. సిగ్గుపడడమంటే ఏమిటో ఇవాళ పూర్తిగా తెలిసింది కాబట్టి, కనీసం ఇందులోనైనా అతను తన పక్కన నిలబడతాడని ఆశపడింది. ఇద్దరూ కలిసి తల దించుకుంటే అంత బరువుండదు.

సీమోను భార్య వైపు చూడలేదు.

"నాకేం తెలియదండీ," అన్నాడు. "ఇప్పుడే వింటున్నాను."